తిరిగొచ్చిన వాళ్ళకి పరీక్ష పెట్టే పని మనకెవరప్పగించారు?

పుట్టిన ఊరికి తిరిగి రావడం గురించి మన వాళ్ళ దగ్గర రెండే మాటలున్నాయి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నంత కాలం "ఎప్పుడొస్తారు, ఎప్పుడొస్తారు" అని అడుగుతాం. తీరా వస్తున్నామంటే "ఎందుకొస్తున్నారు?" అంటాం. మొదటిది ఎదురుగా అంటాం, రెండోది చాటున అంటాం. ఈసారి ఆ రెండో మాట మా ఇంటి మీదికే వచ్చింది కాబట్టి, చాటుమాటుల్లేకుండా చుట్టాలందరూ చదివే ఈ చోటనే జవాబు రాసి పెడుతున్నాం.

సంగతి ఇది. మా అన్నయ్య కూతురు బరంపురంలో పుట్టింది. నాలుగో ఏట అమ్మానాన్నలతో న్యూజెర్సీ వెళ్ళింది. బడీ, కాలేజీ, ఉద్యోగం అన్నీ అక్కడే. ఇప్పుడు 27 ఏళ్ళు. చేస్తున్న ఉద్యోగం ఎక్కడ కూర్చుని అయినా చెయ్యొచ్చునట, ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు. బరంపురం వచ్చి నాయనమ్మ దగ్గర ఉంటానంది. మా అమ్మకి 86 ఏళ్ళు. ఇంతే కథ.

ఇంత చిన్న కథకి చుట్టాలు ఎన్ని కథలు అల్లారో చూడండి. "అక్కడేదో తేడా జరిగుంటుంది." "ఉద్యోగం పీకేసి ఉంటారు, పరువు కోసం అలా చెప్తోంది." "సంబంధం ఏదో చెడింది కాబోలు." "వీసా అయిపోయిందా ఏటి?" (ఆ పిల్ల అమెరికా పౌరురాలు. వీసా అయిపోవడానికి వీసా ఉంటే కదా.) "ఆరు నెలలు. ఎండాకాలం వస్తే తనే పారిపోతుంది, పందెం." ఇవన్నీ ఒక ఎత్తు. "ఇల్లు అమ్మే సమయం చూసుకుని వస్తోంది, వాటా కోసమే" అన్నది ఇంకో ఎత్తు. అన్నిటికంటే మర్యాదగా కనబడే మాట చివర్న వచ్చింది: "వస్తే రానీండి, కానీ బరంపురం ఎందుకు? హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఉంటే తెలుగైనా వస్తుంది కదా."

ముందు ఆ మర్యాద మాట సంగతే చూద్దాం. అందులోనే అసలు విషం ఉంది.

మన కుటుంబాలు బరంపురంలో ఎందుకున్నాయి? ఎక్కణ్ణించో వలస వచ్చి ఇక్కడ పాతుకున్నాం అని మన పిల్లలే అనుకుంటున్నారు. అలా వచ్చిన ఇళ్ళూ ఉన్నాయి. కానీ మనలో చాలామంది ఎక్కడికీ కదల్లేదు. గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు గీత మన ఇళ్ళకి దక్షిణంగా గీశారు. ముందురోజు రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్నవాళ్ళం తెల్లారేసరికి ఒరిస్సాలో లేచాం, అంతే. వీధి మారలేదు, నుయ్యి మారలేదు, పక్కింటివాళ్ళు మారలేదు. తొంభై ఏళ్ళ నుంచీ మనం ఒకటే మాట చెప్పుకుంటూ వస్తున్నాం: మేం పరాయివాళ్ళం కాం, ఇది మా ఊరు, తెలుగు మాట్లాడినంత మాత్రాన మా ఊరు ఇంకోచోట ఉన్నట్టు కాదు. ఎవరైనా కోపంలో "మీ ఆంధ్రాకి పోండి" అంటే మనకి ఎక్కడ మండుతుందో మనందరికీ తెలుసు.

మరి ఆ పిల్లతో మనవాళ్ళంటున్నది ఏమిటి? "నీ ఊరు ఇది కాదు, ఆంధ్రాకి పో, తెలంగాణాకి పో" అనే కదా. కోపంతో అంటే తిట్టు, ప్రేమతో అంటే సలహా అవుతుందా? బరంపురంలో పుట్టిన పిల్ల బరంపురం వస్తానంటే, నీ సొంత చోటు ఇంకెక్కడో ఉందని చెప్పేవాళ్ళు, రేపు ఎవడో వచ్చి తమకీ అదే మాట చెప్తే ఏ మొహంతో కాదంటారు?

ఈ వాదనకి ఒకాయన గిడుగు రామమూర్తి పంతులుగారిని తెచ్చి అడ్డం పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు పంతులుగారు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు, అంతటివాడే ఉండలేకపోతే మనమెంత అని. నిజమే, వెళ్ళిపోయారు. అది ఆయన నిరసన. కానీ అదే పర్లాకిమిడిలో ఆయన దశాబ్దాలు ఉన్నారు, సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని సొంత ఖర్చుతో పుస్తకాలు రాశారు, బడులు నడిపారు. పిల్ల నోట ఏ మాట ఉందో అక్కణ్ణించే మొదలుపెట్టాలన్నది ఆయన జీవితం మొత్తం చేసిన పని. ఆయన పేరు చెప్పుకుని, నోట అమెరికా ఇంగ్లీషున్న పిల్లని గుమ్మంలోనే ఆపెయ్యడం ఆయనకి చేసే మర్యాద కాదు.

ఇక తెలుగు సంగతి. ఆ పిల్ల తెలుగు మాట్లాడితే మనవాళ్ళు నవ్వుతారు. రెండేళ్ళ కిందట శలవులకి వచ్చినప్పుడు "నేను ఆకలిగా ఉన్నాను" అందని ఒక పెళ్ళింట్లో దాన్ని ముగ్గురి ముందు మళ్ళీ మళ్ళీ చెప్పించారు. ళకారం పలకదని "ఏదీ, నీళ్ళు అను, కళ్ళు అను" అంటూ కోతి ఆట ఆడించారు. పిల్ల నవ్వుతూనే ఉంది. రాత్రి ఇంటికొచ్చాక మాత్రం నాయనమ్మతో తప్ప ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదు. మిగిలిన పది రోజులూ ఇంగ్లీషే. నవ్వినవాళ్ళే తర్వాత "అమెరికా పొగరు, ఇంగ్లీషు తప్ప దిగదు" అని తీర్పు చెప్పారు!

నవ్వినవాళ్ళెవరు? విజయవాడ పెళ్ళికి వెళ్తే "మీరు ఒరియా వాళ్ళా?" అని అడిగించుకుని చిన్నబోయి తిరిగొచ్చినవాళ్ళే. మన తెలుగులో పఖాళ ఉంటుంది, సంతుళా ఉంటుంది, పెద్దవాళ్ళతో మాట్లాడితే నోటికి అలవాటుగా "ఆజ్ఞా" వస్తుంది. మాట చివర్న మన సాగదీత వేరు. గుంటూరు పిల్లలు దాన్ని వినీ వినగానే పట్టుకుని నవ్వుతారు. అప్పుడు మనమేమంటాం? "ఇది మా ఊరి తెలుగు, నీ తెలుగు నీది మా తెలుగు మాది" అంటాం. సబబే. మరి ఆ గుంట తెలుగు న్యూజెర్సీ తెలుగు. శనాదివారాల్లో నాన్న చెప్తే, ఫోనులో నాయనమ్మ చెప్తే వచ్చిన తెలుగు. ఇరుగుపొరుగులో ఒక్కళ్ళూ మాట్లాడని చోట 23 ఏళ్ళు దాన్ని పోగొట్టుకోకుండా ఉంచుకుంది. మన వీధిలో, తెలుగు ఇళ్ళ మధ్యనే పెరిగి తెలుగు అక్షరం రాయలేని పిల్లలు ఎంతమంది ఉన్నారో వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. తెలుగు బడుల్లో పంతుళ్ళు రిటైరై ఖాళీలు అలాగే ఉండిపోతుంటే మనం ఎన్ని అర్జీలు పెట్టాం, ఎంతమందిమి మన పిల్లల్ని ఆ బళ్ళో చేర్చాం? దానికి నవ్వు రాదు కాబోలు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పరాయి దేశంలో పెరిగి పుట్టిన దేశం వచ్చినవాళ్ళ గురించి మాట వస్తే గాంధీగారి పేరు, మన ఊళ్ళో అయితే వి.వి. గిరిగారి పేరు ఎత్తుతారు. గిరిగారు ఇక్కడే 1894లో పుట్టారు, 1913లో లా చదువుకి డబ్లిన్ వెళ్ళారు, అక్కడి ఐరిష్ ఉద్యమం వాళ్ళతో సంబంధాల వల్ల 1916లో తిరిగి రావలసి వచ్చింది, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. గాంధీగారు 1915 జనవరి 9న దక్షిణాఫ్రికా నుంచి వచ్చారు, ఆ తారీఖునే ప్రవాసీ భారతీయ దివస్ చేస్తున్నారు. గొప్ప విషయాలే. కానీ ఈ లెక్కలోకి వాళ్ళని తేకండి. వాళ్ళు ఇక్కడ పెరిగి, వెళ్ళి, తెలిసిన చోటికి తిరిగొచ్చినవాళ్ళు. అమ్మ వంట తెలుసు, ఎవరిని ఏమని పిలవాలో తెలుసు, ఎక్కడ చెప్పులు విప్పాలో తెలుసు. అక్కడ పెరిగి వచ్చేవాళ్ళ కష్టం వేరు. వాళ్ళు తెలియని చోటికి వస్తున్నారు, కానీ అందరూ "నీకు తెలిసుండాలి" అంటారు. పూర్తి పరాయివాడైతే తప్పు చేసినా క్షమిస్తాం, పైగా ముచ్చటపడతాం. విదేశీయుడెవరో చేత్తో అన్నం కలుపుకు తింటే ఫోటో తీస్తాం. మన పిల్ల స్పూను అడిగితే మొహం ముడుచుకుంటాం.

సరైన ఉదాహరణ కావాలంటే అరవిందులవారిని చూడండి. 1872లో కలకత్తాలో పుట్టారు. ఏడేళ్ళ వయసులో ఇంగ్లండు పంపేశారు. 1893లో ఇరవయ్యేళ్ళవాడిగా తిరిగొచ్చేసరికి ఆయనకి బెంగాలీ సరిగ్గా రాదు. మరి ఆయన నేర్చుకున్నది ఎక్కడ? బెంగాల్లోనా? కాదు. ఉద్యోగం బరోడా సంస్థానంలో. గుజరాత్‌లో కూర్చుని, బెంగాలీ మాట్లాడే మనిషిని దగ్గర పెట్టుకుని, తన మాతృభాష నేర్చుకున్నారు. సంస్కృతమూ అక్కడే. పదమూడేళ్ళు బరోడాలో ఉండి తర్వాత బెంగాల్ వెళ్ళారు, 1910లో పాండిచ్చేరి చేరి ఇంక కదల్లేదు. భాష ఊరి పేరు చూసి రాదు, ఓపిగ్గా మాట్లాడే మనిషి పక్కనుంటే వస్తుంది. మా అమ్మ కంటే ఓపికైన తెలుగు బడి హైదరాబాద్‌లో ఎవరైనా చూపిస్తే మేమే టికెట్ కొని పంపిస్తాం.

"అసలెందుకొస్తోంది" అన్నదానికి జవాబు మేం చెప్పనక్కర్లేదు. ఇరవై ఏడేళ్ళ మనిషి తన నాయనమ్మ ఇంటికి రావడానికి సంజాయిషీ ఇవ్వాలా? అయినా ఒకటి చెప్తాం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి గుర్తుందా? పైకప్పు రేకులు ఎగిరి ఎవరి వాకిట్లో పడ్డాయో, ఎన్ని చెట్లు కూలాయో మనందరికీ తెలుసు. మూడు రోజులు మా ఇంటికి ఫోను కలవలేదు. ఆ పిల్లకి అప్పుడు పదిహేనేళ్ళు. టీవీలో తుఫాను బొమ్మ చూస్తూ, రాత్రీ పగలూ నంబరు కొడుతూనే ఉందట. మనం ఇక్కడ కరెంటు ఎప్పుడొస్తుందా అని చూశాం. వాళ్ళు అక్కడ నాయనమ్మ ఉందా లేదా అని చూశారు. "వాళ్ళకేం, అక్కడ హాయిగా ఉన్నారు" అనేవాళ్ళకి ఈ సంగతి తెలియాలనే రాస్తున్నాం.

ఇంక మన కుటుంబాల అలవాటు ఒకటుంది, అది కొత్తది కాదు. అమెరికా వాళ్ళతో మొదలవలేదు, రంగంతో మొదలైంది.

చిన్నపిల్లలకి రంగం అంటే తెలియదు కాబట్టి రాస్తున్నాం. రంగూన్‌ని మన పెద్దవాళ్ళు రంగం అనేవారు. గోపాలపూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి మన జనం అక్కడికి వెళ్ళేవాళ్ళు. రేవు కూలీలుగా, రిక్షా లాగేవాళ్ళుగా, మిల్లుల్లో పనివాళ్ళుగా. అక్కడ తెలుగువాళ్ళని కొరంగీలనేవారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరే వాళ్ళందరికీ పేరైపోయింది. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే, కాబట్టి అప్పట్లో పాస్‌పోర్ట్ గొడవ లేదు. ఇప్పటికీ గోపాలపూర్ బీచికి వెళ్తే ఆ పాత రేవు స్తంభాలు కనబడతాయి. వాటి దగ్గర సెల్ఫీలు దిగేవాళ్ళకి ఆ కట్ట మీంచి ఎంతమంది వెళ్ళారో, ఎంతమంది రాలేదో తెలియదు.

అక్కడా సుఖంగా ఏం లేదు. 1930 మేలో రంగం రేవులో తెలుగు కూలీలు జీతం కోసం సమ్మె చేస్తే బర్మా కూలీల్ని పెట్టారు, సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నారు, దాంతో అల్లర్లు లేచి వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువగా మనవాళ్ళే. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది బయలుదేరారు. ఓడ దొరికినవాళ్ళు ఓడలో, దొరకనివాళ్ళు నడిచి.

మా నాన్నగారు నడిచిన వాళ్ళలో ఒకరు. బరంపురంలో పుట్టారు. మూడో ఏట మా తాత రంగం తీసుకెళ్ళాడు. పదిహేనో ఏట, 1942లో, టౌంగుప్ కనుమ దాటి, అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్, అక్కణ్ణించి రైల్లో వచ్చారు. తాత దారిలో కలరాతో పోయాడు. నాన్నగారికి బర్మా భాష బాగా వచ్చు, హిందుస్తానీ వచ్చు, తెలుగు వచ్చు కానీ రంగం యాస. ఒరియా ముక్క రాదు. పుట్టిన ఊరు వచ్చారు. ఊరు ఏం చేసింది? "రంగం గుంటడు" అని పేరు పెట్టింది. అరవయ్యేళ్ళ వయసులో కూడా కొందరు ఆయన్ని ఆ పేరుతోనే పిలవడం మా చెవులతో మేం విన్నాం. "అక్కడ ఎండుచేపల ముద్ద తిన్నాడు, ఇంకేం తిన్నాడో" అని పిల్లనివ్వడానికి వెనకాడారు. ముప్పయ్యో ఏట గానీ పెళ్ళవలేదు. పన్నెండేళ్ళ చిన్నదైన మా అమ్మని ఇచ్చిన తాతగారిని, "కాందిశీకుడికి పిల్లనిచ్చావా" అని సొంత అన్నదమ్ములే నెలల తరబడి పలకరించలేదు.

కాందిశీకుడు. ఆ మాట వింటే ఇప్పటికీ మాకు ఒళ్ళు మండుతుంది. ఏ దిక్కుకి పోవాలి అని బెదిరి పరుగెత్తేవాడు అని దాని అర్థం. పరాయి దేశంలో ఉండగా ఆ మాట సరిపోతుంది. పుట్టిన ఊరికి, సొంత ఇంటికి చేరిన మనిషికి ఇంకా ఏ దిక్కు? 1962లో బర్మాలో సైన్యం అధికారం తీసుకుని, దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక, 1964 నుంచీ ఇంకో అల వచ్చింది. వాళ్ళలో చాలామంది అక్కడే పుట్టినవాళ్ళు. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ వాళ్ళ వల్ల వచ్చిన పేరే. మూడు తరాలైనా అది క్యాంపే! ఎవరు ఎప్పుడు వచ్చారన్నది మన జనం మరిచిపోరు. ఎందుకు వచ్చారన్నది మాత్రం గుర్తుపెట్టుకోరు.

నాన్నగారు ఆ నడక గురించి ఇంట్లో పెద్దగా చెప్పేవారు కాదు. కానీ తొంభైల్లో అన్నయ్య అమెరికా వెళ్తానన్నప్పుడు ఆయనన్నది మాకందరికీ గుర్తే: వెళ్ళు, కానీ తలుపు నీకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఎందుకొచ్చావని ఈ ఇంట్లో ఎవరూ అడగరు అని. ఇప్పుడు ఆ మాట నిలబెట్టడం మా వంతు. మేం ఇంత గట్టిగా రాయడానికి కారణం అది.

ఇక వాటా. ఇది చాలా చిన్న విషయం, ఒక్కసారి చెప్పి ముగిస్తాం. "వాళ్ళు అమెరికా పౌరులు, ఇక్కడి ఆస్తి మీద హక్కు ఉండదు" అని ఎవరో లాయరు చెప్పాడట. ఆ లాయరు ఎవరో గానీ, చెప్పింది తప్పు. పౌరసత్వం మారితే వారసత్వం పోదు. ఈ ఇల్లు నాన్నగారు తన కష్టార్జితంతో కట్టింది. వీలునామా రాయకుండా పోయారు. చట్టం ప్రకారం అమ్మకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ తలా ఒక సమాన వాటా. అన్నయ్య ఏ దేశం పాస్‌పోర్ట్ పెట్టుకున్నా అన్నయ్య వాటా అన్నయ్యదే. ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు కొనకూడనిది వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్. వారసత్వంగా వస్తే అది కూడా తీసుకోవచ్చు. ఛత్రపురం దగ్గరి పొలం మీద కన్నేసినవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. ఆ పిల్ల వాటా అడగలేదు. మేడమీది గది అడిగింది.

ప్రభుత్వాన్నీ అడగాల్సినవి ఉన్నాయి. ఓసీఐ కార్డులు మొదటిసారి ఇచ్చింది 2006 జనవరిలో హైదరాబాద్ ప్రవాసీ దివస్‌లోనే. మొన్న 2025 జనవరిలో అదే పండగ మన భువనేశ్వర్‌లో చేశారు. రోడ్లకి రంగులేశారు, లైట్లు పెట్టారు, రండి రండి అన్నారు. పెట్టుబడితో వచ్చేవాడికి పిలుపు బాగానే ఉంది. నాయనమ్మ దగ్గరికి వచ్చే పిల్లకి ఏం చెప్తారు? కార్డు ఉంటే ఎన్నేళ్ళైనా ఉండొచ్చు, సంతోషం. ఓటు లేదు, సర్కారు ఉద్యోగం లేదు, అదీ పోనీ, రెండు పౌరసత్వాలు మన రాజ్యాంగం ఒప్పుకోదు. పౌరసత్వం తిరిగి కావాలంటే ఐదేళ్ళు కార్డుదారుగా ఉండి, అర్జీకి ముందు పన్నెండు నెలలు ఇక్కడే నివాసం ఉండి నమోదుకి పెట్టుకోవచ్చు, ఆ పాస్‌పోర్ట్ వదులుకోవాలి. దారంటూ ఉంది. కానీ 2021 మార్చి 4 నోటిఫికేషన్ చూడండి. ఓసీఐ పిల్లలు ఇక్కడే పదేళ్ళు చదివినా నీట్, జేఈఈ లాంటి వాటిలో భారతీయుల సీట్లకి పనికిరారు, ఎన్నారైల సీట్లలోకి పొమ్మన్నారు. ఆ నోటిఫికేషన్‌కి ముందు కార్డు తీసుకున్నవాళ్ళకి అది వర్తించదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంది కాబట్టి కొందరు గట్టెక్కారు. తర్వాత తీసుకున్నవాళ్ళ మాటేమిటి? చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగి రావాలనుకునే మన కుటుంబాలు ముందు ఇది తెలుసుకుని రండి. వచ్చాక పన్నెండో తరగతిలో తెలిస్తే పిల్లలు మిమ్మల్ని క్షమించరు. ఇక్కడ పుట్టి, ఇక్కడ చదివే పిల్లని ఎన్నారై అనడం ఏం న్యాయమో ఆ కాగితం రాసినవాళ్ళకే తెలియాలి.

అవతలి వాళ్ళ మాటల్లో నిజం లేదని మేమనం. బరంపురం మే నెల ఎండ ఎవరి మీదా దయ చూపించదు. ఒంటరి ఆడపిల్ల రాత్రి తొమ్మిదికి బయటికి వెళ్తే చూసే చూపులు ఉన్నాయి. ఆ పిల్ల ఆఫీసు గంటలు అమెరికావి, రాత్రంతా దీపం వెలుగుతుంది, దాని మీద కూడా వీధిలో కథలు పుడతాయి. పక్కన స్నేహితులు లేరు. నాయనమ్మకి ఒంట్లో బాగుండకపోతే ఎంకేసీజీ ఆసుపత్రికి తీసుకెళ్ళడం, అక్కడ చీటీ దగ్గర్నుంచి మంచం దాకా ఒరియాలో నెగ్గుకురావడం నేర్చుకోవాలి. ఇవన్నీ తనకి మేం చెప్పాం. ఏడాదికో రెండేళ్ళకో వెళ్ళిపోవచ్చు కూడా. వెళ్తే వెళ్తుంది! మన ఇళ్ళల్లోంచి బెంగుళూరు వెళ్ళి, పూణే వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వెళ్ళినవాళ్ళని ఎవరైనా ఓడిపోయారన్నారా? అమెరికా నుంచి వచ్చి వెళ్తే మాత్రం ఓటమి ఎందుకవుతుంది? పందెం కాసినవాళ్ళు డబ్బు దగ్గర పెట్టుకోండి, ఇక్కడ ఆట ఏమీ జరగడం లేదు.

అసలు ఎవరి భయం ఇది అని మేం చాలా ఆలోచించాం. పిల్లల్ని పంపించినవాళ్ళే ఎక్కువ మాట్లాడుతున్నారు. పొలం అమ్మి, అప్పు చేసి, "అక్కడే బాగుంటుంది" అని పాతికేళ్ళు చెప్పుకున్నాం. అక్కణ్ణించి ఒక పిల్ల తన ఇష్టంతో, చేతిలో ఉద్యోగం ఉండగా, బరంపురం వీధిలోకి వచ్చి ఉంటానంటే ఆ చెప్పుకున్నదంతా కదులుతుంది. అందుకే "తేడా జరిగుంటుంది" అనాలి. తేడా జరక్కపోతే మనకి ఇబ్బంది. తన కొడుకు రాలేదన్న బాధ ఉన్న తల్లికి, పక్కింటి మనవరాలు వస్తోందంటే కలుక్కుమంటుంది, అది మేం అర్థం చేసుకోగలం. ఆ బాధని ఆ పిల్ల మీద తీర్చుకోవడమే ఒప్పుకోం.

కాబట్టి పెద్దలకీ, పిన్నులకీ, బావగార్లకీ మా మనవి. పిల్ల వచ్చే నెల 14న భువనేశ్వర్‌లో దిగుతుంది, అక్కణ్ణించి రైల్లో ఇంటికి. చూడ్డానికి రండి, భోజనం చేసి వెళ్ళండి. తెలుగులో మాట్లాడండి, నెమ్మదిగా మాట్లాడండి. తప్పు పలికితే మీరు సరిగ్గా పలికి ముందుకెళ్ళండి, మళ్ళీ అనమని ఆడించకండి. ఒరియా నేర్పేవాళ్ళు ఉంటే ఇంకా సంతోషం, సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది. పెళ్ళి సంబంధాలు మాకు చెప్పండి, తనకి చెప్పకండి. జీతం ఎంత అని అడిగితే మేమే లేచి వెళ్ళిపోతాం. "ఎప్పుడు తిరిగి వెళ్తావు" అన్న మాట మాత్రం గుమ్మం బయటే వదిలిపెట్టండి.

మేడమీది గదికి సున్నం అయింది, దోమతెర వచ్చింది, ఇన్వర్టరు బ్యాటరీ మార్చాం. ఇల్లు కొంటామన్నవాళ్ళకి కూడా కబురు పంపాం. అమ్మ ఆ కాగితాల మీద సంతకం పెట్టలేదు, పెట్టదు.